సున్నంబట్టి బస్తీలో సన్యాసమ్మ సంరక్షణ

బొబ్బిలి బస్సు డిపోలో ఇరవై ఆరేళ్లుగా కండక్టరు పని చేస్తున్న సన్యాసమ్మకు మహానగరంలో పెను ప్రమాదం పొంచి ఉన్నదని మొట్టమొదట కనిపెట్టింది అతిథి సంరక్షణ శాఖ. అప్పటికి ఆవిడ నగరంలో దిగి ఒక రోజయింది. ఆ రోజంతా ఆవిడ నిక్షేపంగా ఉంది.

ఆవిడ వచ్చిన పని క్యారమ్స్ ఆడటం. రవాణా కార్మికుల జాతీయ పోటీలు ఆ ఏడు నగరంలో పెట్టారు. సన్యాసమ్మ ఆట నేర్చుకున్నది డిపో విశ్రాంతి గదిలో, ట్రిప్పుకీ ట్రిప్పుకీ నడుమ. అక్కడ ఆవిడ చేతిలో ఓడని డ్రైవరు లేడు. ఓడిన ఉక్రోషంతో బండి తీసేవాళ్లని, ఆవిడ గెలిచిన రోజున బస్సులు టైముకంటే ముందే చేరతాయని డిపోలో చెప్పుకునేవాళ్లు. అయితే జిల్లా దాటి ఆడే అవకాశం మాత్రం యాభై ఐదో ఏట గానీ రాలేదు.

నగరం చూడవచ్చేవాళ్లు దిగే హోటళ్లన్నీ కోటలూ తోటలూ ఉన్న వైపున్నాయి. పోటీలు జరిగే హాలు మాత్రం వాటికి ఆమడ దూరంలో, సున్నంబట్టి బస్తీ అంచున ఉంది. అందుకని యూనియన్ వాళ్లు ఆ బస్తీలోనే, పిండిగిర్ని నడిపే బాలమణి ఇంట్లో, మేడ మీద గది మాట్లాడి పెట్టారు. హాలుకు నడిచిపోతే పది నిమిషాలు.

సున్నంబట్టిలో చూడదగ్గది ఏమీ లేదు. సున్నం బట్టి కూడా లేదు. నీళ్ల ట్యాంకు, నాలుగు మెకానిక్ షెడ్లు, బాలమణి గిర్ని, ఇరుకు సందులు, వాటి నిండా మనుషులు. సన్యాసమ్మ దిగిన పూటే బాలమణిని వెంటబెట్టుకుని బస్తీ అంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. కిరాణా కొట్టు దగ్గర, ఇస్త్రీ బండి దగ్గర, మందుల షాపు దగ్గర, ఆటోలు ఆగే చోట నిలబడి, "నాను బాలమణి మేడ మీద దిగాను బాబూ, శనివారం దాకా ఉంటాను" అని చెప్పుకుంది. ఏ సందు ఎక్కడ తేలుతుందో, ఎక్కడ కుక్కలు వెంటపడతాయో అడిగి తెలుసుకుంది. ఫోను చచ్చిపోతే పనికొస్తుందని బాలమణి నంబరు కాగితం మీద రాసుకుని పర్సులో ఒకటి, రవికలో ఒకటి పెట్టుకుంది.

"గింత జాగ్రత్తేందక్కా?" అంది బాలమణి.

"కొత్త రూట్ల డ్యూటీ ఏస్తే మొదటి ట్రిప్పులోనే స్టేజీలన్నీ నేర్సుకోవాల సెల్లీ. ఊరికి భయపడి కాదు. తెలిసినోలుంటే గుండె నిబ్బరంగుంటాది."

అంతటితో సరిపోయేదే. కానీ బాలమణి చట్టమంటే గౌరవం ఉన్న మనిషి. ఇంట్లో అతిథిని దించుకున్న ప్రతివారూ ప్రభుత్వానికి తెలియజేయాలని ఆ నెలలోనే దండోరా వేశారు. ఆమె ఆ రాత్రి అన్నం తిని, ఫోనులో సన్యాసమ్మ పేరూ వయసూ నమోదు చేసేసింది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి గుమ్మం ముందు జీపు ఆగింది. అందులోంచి పరాంకుశం గారు దిగారు. సన్నగా, పొడుగ్గా, చంకలో ఫైలుతో, ఎండలోనూ కోటు విప్పని మనిషి. శాఖలో ఉప సంచాలకులు. 'పర్యాటకేతర ప్రాంత అతిథి సంరక్షణ పథకం' ఆయన స్వహస్తాలతో రూపొందించినది. పథకం మొదలై నెల దాటింది. నలభైమంది సిబ్బందిని కూడా నియమించారు. లేనిదల్లా అతిథే. నగరానికి వచ్చినవాళ్లంతా పోయి హోటళ్లలో దిగుతుండటంతో, వాళ్లు పర్యాటక ప్రాంత అతిథి శాఖ కిందికి పోతున్నారు. ఆ శాఖకూ ఈ శాఖకూ పడదు. ఇలాంటి సమయంలో సన్యాసమ్మ పేరు కనబడేసరికి పరాంకుశం గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

"అమ్మా! తమరు ప్రస్తుతము పర్యాటకేతర ప్రాంతమున బస చేసియున్నారు. ఈ విషయము తమ దృష్టికి వచ్చినదా?" అన్నారు ఆయన, కుర్చీ అంచున కూర్చుంటూ.

"ఒచ్చింది బాబూ. గది బాగుందని నానే ఒచ్చాను."

"సంతోషము. ప్రమాద అంచనా పత్రము పూరించెదము. ఈ ప్రాంతమున తమకు పరిచయము లేని వ్యక్తులెందరు?"

"నిన్ననే కదేటి దిగాను. ఓ పదిమంది తెలుసు. మిగతా అందరూ తెలీనోలే."

పరాంకుశం గారు ఫైలు తిప్పి వార్డు జనాభా చూశారు. అందులోంచి పది తీసేశారు. తేలిన అంకె చూసి ఆయన కలం ఆగిపోయింది.

"నలుబది రెండువేల తొమ్మిదివందల తొంబది!" అన్నారు గొంతు తగ్గించి. "ఒక్క మహిళ చుట్టూ ఇందరు అపరిచితులా!"

"గా మందంత నాకెరుకనే సార్," అంది బాలమణి టీ కప్పు అందిస్తూ.

"తమకు తెలియుట వేరు, అతిథికి తెలియుట వేరు," అన్నారాయన టీ పక్కన పెట్టి. అప్పటికప్పుడు ఎల్లేశం అనే హోంగార్డును సన్యాసమ్మకు అంగరక్షకుడిగా వేశారు. ఎల్లేశం మెతక మనిషి, లావుపాటివాడు. ఆవిడకు దూరం నుంచి కూడా మెరిసే పసుపుపచ్చ కోటు ఒకటి ఇచ్చారు. వీపు మీద జానెడేసి అక్షరాలతో 'అతిథి' అని ఉంది.

"గిది తొడుక్కుంటే అక్క కొత్త మనిషని దొంగలకు గూడ ఎరుకైతది గద సార్?" అంది బాలమణి.

"అందరికీ తెలియవలెననియే శాఖ అభిమతము," అన్నారు పరాంకుశం గారు.

ఆ పచ్చకోటుతోనే సన్యాసమ్మ మొదటి ఆట గెలిచింది. రెండో ఆట మొదలవబోతుంటే ఎల్లేశం బల్ల దగ్గరికి వచ్చి, "మీరు మేడానికి తెలిసినోళ్లా?" అని ఎదుటి ఆటగత్తెను అడిగాడు. కాదంది. అయితే మేడంతో వ్యవహారం పెట్టుకోవద్దని చెప్పాడు. అంపైరు లేచి అతన్ని బయటికి పంపించాడు. ఎల్లేశం తలుపు సందులోంచి చూస్తూ, లోపల సన్యాసమ్మ ఒక అపరిచితురాలిని ఇరవై రెండు పాయింట్ల తేడాతో ఓడించిందని శాఖకు ఫోనులో నివేదించాడు.

ఇది ఇలా సాగడానికి వీల్లేదని పరాంకుశం గారు గ్రహించారు. అపరిచితులే ప్రమాదమైతే అపరిచితులు లేకుండా చేయాలి. వాళ్లను ఎక్కడికీ పంపలేం కనుక, పరిచయం చేసేయాలి. మంగళవారం సాయంత్రం బడి ఆవరణలో షామియానా వేసి 'పరిచయ మహోత్సవం' పెట్టారు. బస్తీ జనం వరసలో వచ్చి, అతిథికి తమ పేరూ వృత్తీ చెప్పి, సంతకం చేసి పోవాలి.

మొదటి గంటలో ఇరవైమంది తెమిలారు. ప్రతివాడూ తాతల నాటి నుంచి అందుకుంటున్నాడు. సన్యాసమ్మ కాసేపు చూసింది. తర్వాత లేచి, పచ్చకోటు చేతులు పైకి మడిచింది.

"జరగండి, ముందుకి జరగండి! పేరు సెప్పి కదలాల. ఎనకాల కాలీగుంది, ఆ గుమ్మం కాడ నిలబడకండి! ఆ పెద్దాయనకి దారియ్యండి!"

అక్కడి నుంచి వరస బస్సు ఎక్కినట్టు ఎక్కి దిగింది. రెండు సాయంత్రాలకు పద్దెనిమిది వందలమంది తేలారు. వాళ్లలో పేర్లు మాత్రమే చెప్పి ఊరుకున్నవాళ్లు తక్కువ. తాపీమేస్త్రీ ఒకాయన తన భుజం నొప్పి చెప్పాడు. కుట్టుమిషను ఆవిడ ఒకతె పచ్చకోటు భుజాల దగ్గర వదులైందని అక్కడికక్కడే కుట్లు వేసి ఇచ్చింది. గురువారం ఉదయం సన్యాసమ్మ సెమీ ఫైనలుకు నడిచి వెళుతుంటే ప్రతి గుమ్మంలోంచీ పలకరింపే. "అక్కా, నాష్టా అయిందా?" "అమ్మా, గెలిచి రావాలె!" ఎల్లేశం వెనకబడిపోయాడు. ఆ ఉదయం సున్నంబట్టి మొత్తం మీద ఆవిడంత భద్రంగా నడిచిన మనిషి ఇంకొకరు లేరు.

ఆవిడ సెమీ ఫైనలు గెలిచి వచ్చేసరికి పరాంకుశం గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ఘోరము జరిగిపోయినది," అన్నారు. "మా పరిశోధనా విభాగము వారి నివేదిక నేడే అందినది. మనుషులకు హాని తలపెట్టువారిలో అధికులు అపరిచితులు కారట. పరిచయస్తులట!"

"అయితే?"

"తమకు మొదట పరిచయస్తులు పదిమంది. ఇప్పుడు పద్దెనిమిది వందలు. అనగా ఈ రెండు దినములలో తమ ప్రమాద స్థాయిని శాఖ నూట ఎనుబది రెట్లు పెంచినది. ఇందుకు నేను వ్యక్తిగతముగా చింతించుచున్నాను."

ఆయన నిజంగానే చింతించారు. కళ్లు తుడుచుకుని, ఆ పూటే ఉత్తర్వు రాశారు. అతిథికి పరిచయమున్న వారెవ్వరూ ఆమెకు నూరు మీటర్ల లోపుకు రాకూడదు. మినహాయింపులు: లేవు. ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశారు. పరిచయ మహోత్సవంలో సంతకాలు చేసి ఉన్నారు కనుక ఎవరికి నోటీసులివ్వాలో వెతుక్కునే శ్రమ కూడా లేకపోయింది. మొదటి నోటీసు మొదటి పరిచయస్తురాలికే వెళ్లింది.

"నా ఇంట్ల నన్ను ఉండొద్దంటవా?" అంది బాలమణి, కాగితం రెండు వైపులా తిప్పి చూసి.

"తమ గృహమున తమరు నిరభ్యంతరముగా ఉండవచ్చును. అతిథికి నూరు మీటర్ల దూరమున ఉండవలెను. అంతే."

"నా ఇల్లు గంత పొడుగు లేదు సార్!"

బాలమణి రెండు చీరలు సంచిలో పెట్టుకుని మేనత్త ఇంటికి పోయింది. పోతూపోతూ సందు చివర నుంచి, "అక్కా, పప్పు పొయ్యి మీదున్నది, మాడనియ్యకు!" అని కేకేసింది. అప్పుడు సన్యాసమ్మకు కోపం వచ్చింది. అంతదాకా ఇదంతా నగరం వాళ్ల మర్యాద కాబోలు అనుకుంటూ వచ్చింది. తన మూలంగా ఒక ఆడమనిషి సొంత ఇల్లు వదిలిపోవడం ఆవిడకు మింగుడు పడలేదు.

"మీ రక్షణ నాకొద్దు బాబూ. నా పేరు కొట్టేయండి," అంది.

"తప్పకుండా. విరమణ పత్రము కలదు," అన్నారు పరాంకుశం గారు సంతోషంగా. "తమను ఎరిగిన ఇద్దరు సాక్షులు తమ సమక్షమున సంతకము చేసిన చాలును."

"నన్నెరిగినోలు నా దగ్గరికి రాకూడదన్నారు కదేటి?"

"అవును," అన్నారాయన. "ఆ చిక్కు కలదు."

శుక్రవారానికి సందు ఖాళీ అయిపోయింది. గిర్ని మూతపడింది. పిండి కోసం గిన్నెలతో వచ్చిన పక్క బస్తీవాళ్లు తాళం చూసి తిట్టుకుంటూ పోయారు. ఇస్త్రీ బండివాడు చల్లారిన ఇస్త్రీపెట్టె పట్టుకుని నూరు మీటర్ల అవతల తచ్చాడుతున్నాడు. సన్యాసమ్మ మేడ మీద ఒంటరిగా కూర్చుని, మాడు వాసన వేసే పప్పుతో అన్నం తింది. వీధిలో ఒక్క గొంతూ లేదు. డిపోలో చేరింది మొదలు ఇంత నిశ్శబ్దం ఆవిడ ఎరగదు. బస్తీలో దిగాక మొదటిసారి ఆవిడకు భయం వేసింది.

పరాంకుశం గారికీ వేసింది. "ఈ సందు నిర్మానుష్యముగా ఉన్నది. నిర్మానుష్య ప్రాంతము అత్యంత ప్రమాదకరమని మా మార్గదర్శకాలలో కలదు," అంటూ నలభైమంది సిబ్బందినీ రప్పించి ఇంటి చుట్టూ నిలబెట్టారు. వాళ్లంతా బయటికి వీపు పెట్టి, కళ్లార్పకుండా మేడ కేసి చూస్తూ కాపలా కాశారు. మిట్టమధ్యాహ్నం వాళ్ల వెనకాల నిలిపి ఉన్న శాఖ జీపులోంచి ఎవరో తీరిగ్గా బ్యాటరీ విప్పుకుపోయారు. పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించి, నష్టం శాఖకు జరిగింది గానీ అతిథికి కాదు గనుక, ఆ రోజు రిజిస్టరులో 'సంఘటనలు: శూన్యం' అని రాశారు.

శనివారం పదకొండింటికి ఫైనలు. పదిన్నరకు సన్యాసమ్మ తల దువ్వుకుని, స్ట్రైకరు కొంగున ముడివేసుకుని కిందికి దిగింది. గుమ్మంలో పరాంకుశం గారు చేతులు జోడించి నిలబడ్డారు.

"క్షమించవలెను. తమరు బయలుదేరుటకు వీలుకాదు. హాలులో మూడువందలమంది ప్రేక్షకులుందురు, వారు అపరిచితులు. తమ ప్రత్యర్థి శకుంతలాబాయి గారు నాగపూరు డిపోలో మెకానిక్కు. ఆమెతో తమరు గురువారము టీ తాగినట్లు ఎల్లేశం నివేదించినాడు. కావున పరిచయస్తురాలు."

"తెలిసినోలు కూడదు. తెలీనోలు కూడదు. మరెవులుండాల బాబూ నా చుట్టూ?"

"పరిచయస్తులు గాని అపరిచితులు గాని కానివారు ఎందరైనా ఉండవచ్చును. శాఖకు అభ్యంతరము లేదు."

సన్యాసమ్మ మెట్టు మీద చతికిలబడింది. పది నిమిషాల నడక దూరంలో బల్ల వేసి ఉంది. దాని మీద పౌడరు కూడా చల్లేసి ఉంటారు. పదకొండూ పదికి రాకపోతే ఆడకుండానే ఓడినట్టు రాసేస్తారు. బొబ్బిలి డిపోలో వాళ్లంతా ఫోను చుట్టూ మూగి ఉంటారని తెలుసు. ఆవిడ తలెత్తి, ఎదురుగా ఉన్న మనిషిని తేరిపార చూసింది. టిక్కెట్టు తీశానంటూ తీయని ప్రయాణికుణ్ణి చూసే చూపు అది.

"బాబూ, ఒక్క మాట. మీరు నాకు తెలిసినోలా, తెలీనోలా?"

"అదేమి ప్రశ్న? ఆరు దినములుగా…" అని పరాంకుశం గారు ఆగిపోయారు.

"సోమారం నుంచీ రోజూ ఒస్తన్నారు. మీరు కోటు ఎందుకిప్పరో నాకు తెలుసు, లోపల సొక్కాకి గుండీలు లేవు. మీ ఆవిడికి మోకాళ్ల నొప్పులని కూడా మీరే సెప్పారు. తెలిసినోలే కదేటి మరి?"

ఎల్లేశం దగ్గరికి వచ్చి, "ఉత్తర్వుల గవర్నమెంటోళ్లకు మినహాయింపు రాసిన్రా సార్?" అని మెల్లగా అడిగాడు.

పరాంకుశం గారు ఫైలు తెరిచారు. ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా చదివారు. రెండు గీతలు గీసిన మాట దగ్గర ఆయన వేలు ఆగింది. ఆయన స్థానంలో ఇంకొకరైతే ఏదో ఒకటి బుకాయించేవారు. కానీ ఆయన నిబంధనకు ప్రాణమిచ్చే మనిషి. నోటీసు కాగితం ఒకటి తీసి, దాని మీద తన పేరే రాసి, కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకుని, ముట్టినట్టు సంతకం పెట్టారు.

"మరి వీల్లో?" అంది సన్యాసమ్మ, నలభైమందినీ చూపించి. "ఎల్లేశం తెలుసు. ఆ మీసాలాయనా తెలుసు. మిగతావోలు తెలీదు."

"పరిచయస్తులు ఒక కారణము చేత, అపరిచితులు మరొక కారణము చేత తొలగవలెను," అన్నారు పరాంకుశం గారు నీరసంగా. "టేపు తెండి."

ఆ సందుకు ఒక కొస గోడ. రెండో కొస హాలు వైపు. అందుచేత శాఖ యావత్తూ హాలు వైపే నూరు మీటర్లు కొలుచుకుని నిలబడింది. సన్యాసమ్మ నడక మొదలుపెట్టింది. ఆవిడ పది అడుగులు వేస్తే శాఖ పది అడుగులు వెనక్కి వేసింది. ఆవిడ వేగం పెంచితే శాఖా పెంచింది. బ్యాటరీ లేని జీపును తోసుకుంటూ, టేపు పట్టుకున్నవాడు పరుగెడుతూ, పరాంకుశం గారు ఆవిడ మీద నుంచి చూపు తిప్పకుండా వెనక్కి నడుస్తూ, అందరూ సున్నంబట్టి వీధి పొడుగునా వెళ్లిపోతుంటే, కట్టుదిట్టం చేయవలసినవాళ్లే అంత దూరం పోయారని గ్రహించి జనం ఒక్కొక్క సందులోంచీ బయటికి వచ్చారు. అందరికంటే ముందు బాలమణి పరుగెత్తుకొచ్చింది.

"నడువక్కా, నడువ్! యాళ్లయితున్నది!" అని సన్యాసమ్మ చెయ్యి పట్టుకుంది.

పదకొండూ ఎనిమిదికి హాలు చేరారు. శకుంతలాబాయి బల్ల దగ్గర కూర్చోకుండా నిలబడే ఉంది. సన్యాసమ్మను చూసి నవ్వి, అప్పుడు కూర్చుంది.

మొదటి ఆట సన్యాసమ్మ పోగొట్టుకుంది. రెండోది పట్టుబట్టి గెలిచింది. మూడో ఆటలో రెడ్డు కొట్టింది గానీ, దాని వెనక వేయవలసిన తెల్లకాయ పాకెట్టు అంచు దాకా పోయి, ఆలోచించి, ఆగిపోయింది. రెడ్డు మళ్లీ బల్ల మధ్యకు వచ్చింది. శకుంతలాబాయి దాన్నీ, దాని వెనకే తన నల్లకాయనీ వేసేసింది. నాలుగు పాయింట్ల తేడా. సున్నంబట్టి జనం చప్పట్లు కొట్టారు. సన్యాసమ్మకు బాధ లేకపోలేదు. అయితే ఓడినా బల్ల దగ్గర ఓడింది, గుమ్మం మెట్టు మీద కాదు. శకుంతలాబాయి ఆవిడ స్ట్రైకరు అడిగి తీసుకుని, తనది ఆవిడకిచ్చింది.

రెండో బహుమతి కప్పు బాలమణి పట్టుకోగా బయటికి వచ్చేసరికి మెట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. ఇస్త్రీ బండాయన ఈల వేస్తున్నాడు. అంతలో దూరం నుంచి మైకు గరగరలాడింది. రోడ్డుకు అవతల, సరిగ్గా నూరు మీటర్ల దగ్గర, పరాంకుశం గారు జీపు మీద నిలబడి ఉన్నారు. చేతిలో కొత్త కాగితం.

"అతిథి అభిప్రాయ సేకరణ!" అని చదివారు. "సున్నంబట్టి ప్రాంతమున బస చేసిన కాలములో, తమకు భద్రముగా ఉన్నట్లు అనిపించినదా? అవును, లేక కాదు అని మాత్రమే సెలవియ్యవలెను!"

సన్యాసమ్మ చుట్టూ చూసింది. రెండు చేతులూ నోటి దగ్గర దొప్ప పట్టి, డిపో అవతలికి వినబడే గొంతుతో అరిచింది.

"ఇప్పుడనిపిస్తంది బాబూ! మీరక్కడే ఉండండి!"

పరాంకుశం గారు తృప్తిగా తలూపి, 'అవును' దగ్గర టిక్కు పెట్టుకున్నారు.